పేగులో పేగు: మా బాబుకి పొట్ట స్కాన్ తీయించిన అనుభవం

ఏడాది లోపు పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ సంగతి తెలిసి ఉండాలని రాస్తున్నాను. పసిపిల్లాడు ఉన్నట్టుండి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, కాసేపటికి తనే ఆపేసి, మళ్లీ పావుగంటకో ఇరవై నిమిషాలకో అదే ఏడుపు మొదలెడుతుంటే, మధ్యలో ఆడుకోకుండా వడలిపోయి పడుంటే, గ్యాస్ అనో పళ్లు వస్తున్నాయనో సరిపెట్టుకోకుండా పొట్టకి అల్ట్రాసౌండ్ స్కాన్ తీయమని అడగండి. మా బాబుకి పేగులో పేగు దూరి ఇరుక్కుందని ఆ స్కాన్‌లోనే తెలిసింది, నయం చేసింది కూడా ఆ స్కాన్ చూసుకుంటూనే. ఆపరేషన్ దాకా వెళ్లలేదు.

మా పుట్టిల్లు కోనసీమలో, ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి అందరం అక్కడికే చేరాం. బాబుకి ఏడో నెల, అన్నప్రాశన అయింది, అప్పుడప్పుడే ఉగ్గు అలవాటు చేస్తున్నాం. పండక్కి ఇంటినిండా చుట్టాలు, వాడు ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి తిరుగుతూనే ఉన్నాడు, కనుమ నాటికి జలుబు పట్టుకుంది. ముక్కు కారింది, ఒళ్లు కాస్త వెచ్చబడింది, తర్వాత తగ్గిపోయింది. ఈ జలుబు గురించి ఎందుకు చెబుతున్నానంటే తర్వాత చూసిన డాక్టర్లు దాని గురించి అడిగారు.

చుట్టాలు వెళ్లిపోయాక ఒక తెల్లవారుజామున వాడు కెవ్వుమని లేచాడు. ఆకలి ఏడుపేదో నిద్ర ఏడుపేదో తల్లికి తెలుస్తుంది కదా, ఇది అలాంటిది కాదు. మోకాళ్లు రెండూ పొట్టకి లాక్కుని, పిడికిళ్లు బిగించి, ఊపిరి అందనంతగా ఏడ్చాడు. మొహం ఎర్రబడడానికి బదులు తెల్లగా పాలిపోయింది, నుదుటి మీద చెమట. భుజం మీద వేసుకుని తిప్పుతుంటే ఒక్కసారిగా ఆగిపోయాడు, కళ్లు మూతలు పడ్డాయి. అమ్మయ్య అనుకున్నాం. మళ్లీ అదే. మధ్యలో ఆ నెమ్మది ఉంది చూశారూ, అదే అందర్నీ మోసం చేస్తుంది. ప్రతిసారీ తగ్గిపోయిందనే అనిపిస్తుంది.

అమ్మ బొడ్డు చుట్టూ ఇంగువ రాసింది. మామ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. పక్కింటి పెద్దమ్మ గారు చిగుళ్లు చూసి పళ్లు దిగుతున్నాయమ్మా అన్నారు. వాళ్లని తప్పుపట్టను, ఇంగువకి తగ్గే నొప్పులు ఉంటాయి, నేనూ అలా పెరిగినదాన్నే. తెల్లారేసరికి తాగిన పాలన్నీ విరిగి వాంతయ్యాయి. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. అక్కడ ఎక్స్‌రే తీశారు, గ్యాస్ పట్టింది అన్నారు, రెండు సిరప్‌లు రాసి పంపేశారు. ఏడుపు వచ్చినప్పుడు ఎలా ఉంటున్నాడో చూడమని మా ఆయన అడిగితే, పిల్లలన్నాక ఏడుస్తారండీ అన్నారు. పొట్ట మీద చెయ్యి పెట్టి సరిగా చూడనైనా లేదు. ఈ జబ్బులో ఎక్స్‌రే మామూలుగానే కనిపించే పిల్లలు చాలామంది ఉంటారట, కాబట్టి ఎక్స్‌రే బాగుంది కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఇంటికొచ్చాక పసరు కక్కాడు, ఆకుపచ్చగా. మధ్యాహ్నం గుడ్డ మార్చబోతే అందులో మలం లేదు, ఎర్రటి జిగురు ముద్ద ఉంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఆ క్లినిక్‌కి ఫోన్ చేస్తే, జిగట విరేచనాలు పట్టుకున్నాయి, ఇంకో మందు రాస్తాం, వచ్చి తీసుకెళ్లండి అన్నారు. మా ఆయన ఇక ఆగలేదు, కారు మాట్లాడి అమలాపురం పోదాం పద అన్నారు. అమ్మ ఆ గుడ్డని ఒక క్యారీబ్యాగులో చుట్టి నా చేతికిచ్చింది, డాక్టరమ్మకి చూపించు అని.

అమలాపురంలో పిల్లల డాక్టరమ్మ పెద్దావిడ. వరసలో కూర్చున్న మమ్మల్ని వాడి ఏడుపు విని ముందుగా పిలిచారు. మందులేం వాడారని తర్వాత అడిగారు, ముందు మాత్రం టేబుల్ మీద పడుకోబెట్టించి చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఏడుపు వచ్చింది, ఆగింది. రెండో ఏడుపు వచ్చి ఆగేదాకా వాడి మీద చెయ్యి వేయలేదు. పొట్ట మెత్తబడ్డాక అప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కుతూ వెళ్లి, కుడిపక్కన పక్కటెముకల కింద ఆగారు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టి, తగులుతోందా అమ్మా అన్నారు. చర్మం కింద బొటనవేలంత లావున, పొడుగ్గా, గట్టిగా ఏదో తగిలింది. అదే పక్కన కిందికి వస్తే ఖాళీగా మెత్తగా ఉంది.

గుడ్డ చూపిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో విప్పారు. "విరేచనం అయితే ఇందులో మలం ఉండాలి కదమ్మా, ఇది ఉట్టి రక్తం, జిగురు. పేగులో పేగు దూరి ఉంటుంది. ఇప్పుడే స్కాన్ తీయించాలి, పాలు పట్టొద్దు" అన్నారు. ఏడుపు, వాంతి, రక్తం మూడూ కలిసి కనిపించే పిల్లలు సగం మంది కూడా ఉండరట. రక్తం పడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఒక్కోసారి పిల్లాడు ఏడవకుండా ఉత్తినే మగతగా పడుంటాడు, అప్పుడు కూడా దీన్ని అనుమానించాలి అని చెప్పారు.

స్కాన్ సెంటర్ ఆ వీధిలోనే. నేను కడుపుతో ఉన్నప్పుడు తప్ప స్కాన్ గదిలోకి వెళ్లి ఎరగను, గోడ మీద ఆ బోర్డు, ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అని, దాని కింద ఏడు నెలల పిల్లాణ్ణి పట్టుకుని నిలబడితే ఇక్కడికెందుకు వచ్చానా అనిపించింది. ఇంత చిన్న పొట్టకి కూడా స్కాన్ తీస్తారని అప్పటిదాకా నాకు తెలీదు. మత్తు ఇవ్వాలేమో, రేడియేషన్ ఉంటుందేమో అని భయపడ్డాను. రెండూ లేవు. అది శబ్ద తరంగాలతో చేసేదే, ఎన్నిసార్లు చేసినా పిల్లాడికి హాని లేదని స్కాన్ డాక్టరు గారు చెప్పారు. ఖర్చు కూడా గర్భిణులకి తీసే స్కాన్ కంటే ఎక్కువేం కాలేదు.

నన్ను మంచం మీద కూర్చోమని, బాబు తల నా ఒళ్లో పెట్టించారు. జెల్లీ చల్లగా తగిలితే ఉలిక్కిపడతాడని ముందు అరచేతిలో వేసుకుని రుద్దారు. మొదట గర్భిణులకి వాడే వంపు ప్రోబ్, అంటే పొట్ట మీద ఆనించి చూసే పరికరం, పెట్టి పొట్టంతా ఒకసారి చూసి, దాన్ని పక్కన పెట్టి చిన్న చదును ప్రోబ్ తీశారు. మెడకీ రక్తనాళాలకీ వాడేది ఇదేనట, లోతుకి పోదు కానీ పైపైన ఉన్నదాన్ని చాలా స్పష్టంగా చూపిస్తుంది, పసిపిల్లల పొట్టకి ఆ లోతు చాలు. ఏడ్చినప్పుడు ప్రోబ్ తీయకుండా, నొక్కకుండా, ఆగేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు.

చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటు కుడిపక్క కింద ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి పెద్దపేగు వెంట పైకి వచ్చారు. లివర్ కింద చెయ్యి ఆగిపోయింది. తెర మీద ఒక గుండ్రం, బూడిద రంగు అంచుతో. దాని లోపల ఇంకో గుండ్రం. రెంటికీ మధ్య నెలవంక ఆకారంలో తెల్లటి మెరుపు, అందులో గింజంతేసి నల్లటి చుక్కలు. ఆ తెల్లటిది పేగుతో పాటు లోపలికి లాగబడిన కొవ్వు, ఆ చుక్కలు వాచిన గ్రంథులు అని ఆయన చెప్పారు. వీళ్లు దీన్ని టార్గెట్ సైన్ అంటారు. ఒకసారి చూశాక నాకే అర్థమైంది, చుట్టుపక్కల ఉన్న పేగులేవీ అలా లేవు, అవి కదులుతున్నాయి, ఇది కదలకుండా అలాగే ఉంది.

గుండ్రానికి ఇటూ అటూ రెండు గుర్తులు పెట్టి కొలిస్తే 3 సెంటీమీటర్లు దాటింది. కొలత ఎందుకంటే, చిన్నపేగు చిన్నపేగులోనే కాస్త దూరడం పిల్లల్లో అప్పుడప్పుడూ జరుగుతుంది, అది సాధారణంగా 2 సెంటీమీటర్లకి లోపే ఉంటుంది, చూస్తుండగానే దానంతటదే విడిపోతుంది. రెండున్నర, మూడు దాటి లివర్ దగ్గర కనిపిస్తే చిన్నపేగు పెద్దపేగులోకి చొరబడినట్టు, అది సాధారణంగా దానంతటదే వదలదు. తర్వాత ప్రోబ్‌ని అడ్డంగా ఉన్నదాన్ని నిలువుకి తిప్పారు, గుండ్రం పోయి పొడుగ్గా కిడ్నీ ఆకారం వచ్చింది. నేను కిడ్నీ అనే అనుకున్నాను. కాదమ్మా, అసలు కిడ్నీ ఇదిగో అని ఇంకాస్త వెనక్కి జరిపి చూపించారు.

ఆ తర్వాత ఒక బటన్ నొక్కితే ఆ గుండ్రం మీద ఎర్రటి, నీలం చుక్కలు మిణుకుమిణుకుమన్నాయి. ఆయన మొహం కాస్త తేటపడింది. రక్తం ఆడుతోంది, పేగు బతికే ఉంది అన్నారు. పొరల మధ్య నీరు చిక్కుకుందా, పేగు బయట పొట్టలో ఎక్కడైనా నీరు చేరిందా అని కూడా వెతికారు. పొరల మధ్య నీరు పట్టేసి, రంగు చుక్కలు కనబడకపోతే పేగు మామూలుగా వెనక్కి రావడం కష్టమట. మాకు పొట్టలో ఏ కాస్తో తప్ప నీరు లేదు.

మా ఆయన అసలు ఇది ఎలా జరుగుతుందండీ అని అడిగితే స్కాన్ డాక్టరు గారు తన చొక్కా చెయ్యి అంచు పట్టుకుని లోపలికి దోపి చూపించారు. పేగు కూడా అలా తనలో తనే దూరిపోయి, దాన్ని ఆహారం అనుకుని పేగు ఇంకా ముందుకి నెడుతుంటే ఇంకా ఇంకా లోపలికి పోతుంది, నెట్టినప్పుడల్లా నొప్పి. జలుబు చేసినప్పుడు చిన్నపేగు చివర గోడలో ఉండే గ్రంథులు వాస్తాయి, ఎక్కువమంది పసిపిల్లల్లో వేరే కారణం ఏదీ కనబడదు, ఆ వాపే మొదలు అయి ఉంటుందంటారు. మూడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ, అందులోనూ 5 నుంచి 9 నెలల మధ్య మరీను, ఆడపిల్లల కంటే మగపిల్లలకి ఎక్కువ. పెద్ద పిల్లల్లో వస్తే మాత్రం లోపల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) లాంటిది ఏమైనా ఉందేమో వెతుకుతారు. నేను పెట్టిన ఉగ్గు వల్ల వచ్చిందా అని అడిగాను. కాదని స్పష్టంగా చెప్పారు.

డాక్టరమ్మ రిపోర్ట్ చూసి, చేతికి సూది పెట్టి సెలైన్ మొదలెట్టించాకే మమ్మల్ని కదలనిచ్చారు. పిల్లల సర్జన్ ఉన్న చోటే ఇది విడదీయాలి, లోపల పొరపాటున పేగు చిట్లితే వెంటనే ఆపరేషన్ చేయగలిగేవాళ్లు పక్కన ఉండాలి, కాకినాడ వెళ్లండి అన్నారు. ఆవిడే ఫోన్ చేసి మేం వస్తున్నట్టు చెప్పారు. ముమ్మిడివరంలో అమ్మ కారెక్కింది. మురమళ్ల దాటేటప్పుడు వీరేశ్వరస్వామికి చేతులెత్తి దండం పెట్టింది. యదుర్లంక దగ్గర వంతెన ఎక్కాక, ఈ వంతెన లేని రోజుల్లో అయితే యానాం వెళ్లడానికి రేవులో పంటు కోసం కూర్చునేవాళ్లమే అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది, ఎందుకంటే ఈ జబ్బులో గంటలే లెక్క. ఇరుక్కున్న పేగుకి రక్తం ఆగిపోతే నల్లబడి చచ్చుబడిపోతుంది, అప్పుడు కోసి తీసేయడమే.

కాకినాడలో సర్జన్ గారు స్కాన్ మళ్లీ ఒకసారి చూసి, పొట్ట గట్టిపడలేదు, బాబు షాక్‌లో లేడు, అంటే రక్తప్రసరణ పడిపోలేదు, కాబట్టి ముందు వెనక నుంచి సెలైన్ ఎక్కించి విడదీయడానికి ప్రయత్నిద్దాం అన్నారు. కొన్ని ఆసుపత్రుల్లో ఎక్స్‌రే కింద గాలితో చేస్తారు, వీళ్లు స్కాన్ కింద సెలైన్‌తో చేస్తారు. తొందరగా వచ్చిన పిల్లల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి విడిపోతుంది, పేగు చిట్లడం నూటికి ఒకరి కంటే తక్కువ, విడిపోకపోతే పొట్ట తెరిచి చేత్తో వెనక్కి తీస్తాం అని దాచకుండా చెప్పి సంతకం పెట్టించుకున్నారు. రక్తం గ్రూపు చూశారు, ముక్కులోంచి గొట్టం వేశారు, ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయించారు. ఆ సంతకం పెట్టేటప్పుడు మా ఆయన చెయ్యి వణికింది.

నన్ను లోపలికి రానిచ్చారు, చేతులు రెండూ పట్టుకోమన్నారు. వెనక నుంచి మెత్తటి గొట్టం పెట్టి, సెలైన్ కారిపోకుండా పిరుదులు దగ్గరికి నొక్కి ప్లాస్టర్ వేశారు. గోరువెచ్చని సెలైన్ సీసా స్టాండుకి సుమారు మీటరు ఎత్తున కట్టారు. ఆ ఎత్తే ఒత్తిడి, ఎవరూ పంపుతో కొట్టరు. స్కాన్ చేసే మేడమ్ పొట్ట మీద ప్రోబ్ పెట్టారు. తెర మీద సెలైన్ నల్లగా పెద్దపేగులో పైకి పాకుతూ కనిపించింది, ఆ గుండ్రం దగ్గరికి వచ్చి ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. గుండ్రం కాస్త వెనక్కి జరిగింది. ఇంకాస్త. కుడిపక్క కిందికి, పెద్దపేగు మొదలు దాకా వచ్చి అక్కడ మొండికేసింది. ఎక్కువమందికి అక్కడే ఆగుతుందట, చిన్నపేగు నోరు అక్కడ సన్నగా ఉంటుంది కాబట్టి. సర్జన్ గారు టైం చూసి సీసా దించించారు, పిల్లాణ్ణి తేరుకోనిచ్చారు. ఒత్తిడి ఎంతసేపైనా అలా ఉంచరు, ఒక్కో విడత మూడు నిమిషాలు అలా చూసి ఆపుతారు.

మళ్లీ ఎత్తారు. ఈసారి గుండ్రం చిన్నదైపోతూ వచ్చి చటుక్కున కనబడకుండా పోయింది, ఆ వెంటనే చిన్నపేగులోకి నల్లటి నీరు, బుడగలు జలజలా దూసుకుపోయాయి. వెళ్లిపోయింది, వెళ్లిపోయింది అని మేడమ్ గట్టిగా అన్నారు. అలా చిన్నపేగులోకి నీరు పారితేనే పూర్తిగా విడిపోయినట్టు, గుండ్రం కనబడనంత మాత్రాన చాలదు. బాబు ఏడుపు ఆపి అలాగే నిద్రపోయాడు. ఈ నిద్రకీ మధ్యలో వచ్చిన ఆ మగతకీ తేడా చూడగానే తెలిసింది, ఒళ్లు వెచ్చగా ఉంది, పెదాలకి రంగు వచ్చింది. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

తర్వాత రాత్రంతా ఎవర్నీ నిద్రపోనివ్వని టెన్షన్. మళ్లీ దూరే అవకాశం పదిమందిలో ఒకరికి ఉంటుంది, మొదటి రెండు రోజుల్లో కూడా రావచ్చు, అందుకని అక్కడే ఉంచారు. కొన్ని గంటలయ్యాక పాలు పట్టమన్నారు, మర్నాడు స్కాన్ తీసి బాగుందన్నారు, పసుపుపచ్చటి విరేచనం అయ్యాక ముక్కు గొట్టం తీసేశారు. ఇంటికొచ్చాక కూడా ఆ ఏడుపు మళ్లీ వస్తే రాత్రి అయినా తీసుకురమ్మన్నారు. మళ్లీ వచ్చినా ఆపరేషనే అని ఏం లేదు, మళ్లీ ఇలాగే విడదీయొచ్చట.

మా అత్తయ్య గారు ఫోన్‌లో టీకాల వల్ల వచ్చిందేమో కనుక్కోమన్నారు. ఇది ఊళ్లో చాలామంది అడిగారు కాబట్టి డాక్టరమ్మ చెప్పింది రాస్తున్నాను. అమెరికాలో పాతకాలపు రోటావైరస్ టీకా ఒకటి ఈ జబ్బుతో సంబంధం ఉందని 1999లో ఆపేశారు. మన ప్రభుత్వ టీకాల్లో ఇస్తున్న రోటావైరస్ చుక్కలు వేరు, 2016లో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ తర్వాత మన దేశంలో పరిశీలించి చూస్తే అలాంటి సంబంధం కనబడలేదు. అవి 6, 10, 14 వారాలకే వేసేస్తారు, మా వాడికి ఎప్పుడో అయిపోయాయి. తొమ్మిదో నెల టీకా టైంకే వేయించాం.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం వాడు మళ్లీ కాళ్లు ముడుచుకుని ఏడ్చాడు. ఈసారి ఇంగువ దాకా కూడా వెళ్లలేదు, నేరుగా అమలాపురం. అదే స్కాన్ డాక్టరు గారు, అదే చదును ప్రోబ్. బొడ్డు పక్కన చిన్న గుండ్రం కనిపించింది, నా గుండె జారిపోయింది. కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు కూడా లేదు. ఆయన ప్రోబ్ తీయకుండా అక్కడే పెట్టి, చూడండమ్మా అన్నారు. మేం చూస్తుండగానే పేగు ఒకసారి కదిలి అది విడిపోయింది, మామూలు పేగైపోయింది. ఇలాంటివి చిన్నపేగులో వచ్చి పోతుంటాయి, వైద్యం అక్కర్లేదు, లివర్ దగ్గర పెద్దది కనిపిస్తేనే కంగారు పడాలి అని చెప్పి, కొలత వేసిన ఫొటోని పాత రిపోర్టుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టిచ్చారు, ఎక్కడికి తీసుకెళ్లినా రెండూ పక్కపక్కన చూపించమని.